పనసలోవలో చుక్కల గవ్వ

మా అత్త పోతమ్మకు రెండు పట్టుదలలు. ఎండుచేప పడని కూర ఆమె లెక్కలో కూరే కాదు. నేస్తం పేరు నోటితో పలకడం మహాపాపం. ఈ రెండూ కలిసి మొన్న కార్తీకమాసంలో మా కాలనీ పిక్నిక్‌ను ఏ గతి పట్టించాయో చెప్పాలంటే, ముందు ఆ నేస్తం సంగతి చెప్పాలి.

అత్త పుట్టిందీ మెట్టిందీ భీమిలి పక్కన, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటున్న జాలరి పల్లెలో. మామ సూరన్న వేటకు పోయేవాడు. ఆయన తెచ్చిన చేపలో అమ్మగా మిగిలింది ఎండబెట్టి, తట్టకెత్తి, అత్త కొండ సంతలకు పోయేది. తెల్లారేసరికి విశాఖపట్నం స్టేషను చేరి కిరండోల్ పాసింజరు ఎక్కడం, సాయంత్రం బండికి తిరిగి రావడం. ఎండుచేపల తట్టలున్న పెట్టెలోకి తెలియక ఎక్కినవాళ్ళు తర్వాతి స్టేషను రాగానే దిగి పక్క పెట్టెకు పరిగెత్తేవారట. కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరికేదని అత్తకు అదొక సంతోషం.

పనసలోవ సంతలోనే నేస్తం కలిసింది. ఆమెది కొండల నడుమ ఆ లోవలోనే పైన, గోస్తనీ పాయ ఒకటి పుట్టేచోట ఉన్న కొండదొరల గూడెం. పసుపు, అల్లం, చింతపండు తెచ్చి అమ్ముకునేది. ఒకరోజు సంత మధ్యలో వాన దంచికొడితే ఇద్దరూ ఒకే పట్టా కింద దూరారు. అప్పటికి ఇద్దరూ కడుపుతో ఉన్నారు. మా అత్తకు పులుపు మీద మనసు, ఆమెకు ఉప్పుచేప మీద మనసు. వాన వెలిసేసరికి ఈమె తట్టలో చేప ఆమె పళ్ళ కింద, ఆమె చింతపండు ఈమె నోట్లో ఉన్నాయి. అప్పుడు అత్త కడుపులో ఉన్నవాడే ఇప్పుడు నా మొగుడు వాసు. స్టీల్‌ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చి చింతపండు పులుసు లేకపోతే మొహం ముడుచుకుంటాడు. తప్పు నా వంటది కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

పురుళ్ళు పోసుకుని మళ్ళీ సంతకు వచ్చాక ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. అంటే ఏదో మాటవరసకు స్నేహమనుకోవడం కాదు. ఏటి ఒడ్డున ఒకరి చేతుల మీద ఒకరు పసుపునీళ్ళు పోసుకుని, ఒకే ఆకులో తిని, నలుగురి ముందూ కట్టుకున్న వరస. ఆమె పూసలదండ ఒకటి తీసి అత్త మెడలో వేసింది. అత్త, తన నాన్నకు వలలో దొరికిన చుక్కల గవ్వను ఆమె చేతిలో పెట్టింది. పిడికిట్లో పట్టనంత గవ్వ, వీపు నిండా గోధుమరంగు చుక్కలు, ఒక అంచున చిన్న పెచ్చు లేచి ఉంటుంది. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. మొగుడి పేరైనా కోపంలో నోరుజారి అంటారేమో గాని, నేస్తం పేరు అనరు. మా ఇంట్లో ఆమె పేరు ‘నేస్తం’. అంతే.

ఇద్దరిదీ ఒకే ఏరు కాబట్టి వేళాకోళానికి కరువుండేది కాదు. తను పైన కాళ్ళు కడిగితే ఆ నీళ్ళే కిందికి వస్తాయి గనుక భక్తిగా నెత్తిన చల్లుకోమనేది నేస్తం. వచ్చాయి, చేపలు కడిగి పారబోశాం అనేది మా అత్త. ఏరు పుట్టినచోటు చూపిస్తాను రమ్మని ఆమె, ఏరు కలిసినచోటు చూపిస్తాను రమ్మని ఈమె, ప్రతి సంతలోనూ పిలుపులే. కాని సాయంత్రం బండి ఎవరికోసం ఆగుతుంది? ఈమె సంత దాటి పైకి పోలేదు, ఆమె లోవ దాటి కిందికి రాలేదు.

మామ పోయినప్పుడు అత్త కొన్నాళ్ళు సంతకు పోలేదు. మళ్ళీ పోయిన రోజున నేస్తం తన పసుపు మూట విప్పనే లేదట. బండి వేళ దాకా పక్కనే కూర్చుని, “ఏడిత్తే ఏడు నేస్తం. సంత గోలలో ఎవులికీ ఇనపడదు” అందట. ఆ మాట చెప్పినప్పుడల్లా మా అత్త ఇప్పటికీ మెడలో పూసలదండ తడుముకుంటుంది.

ఆ తర్వాత అత్త గోపాలపట్నంలో మా దగ్గరికి వచ్చేసింది. ఇక్కడికి వచ్చాకా సంత మానలేదు, పెందుర్తిలో బండి ఎక్కేది. కరోనాలో బండ్లు ఆగాయి. బండ్లు మళ్ళీ తిరిగేసరికి అత్త మోకాళ్ళు తిరగడం మానేశాయి. వాసు ఇక చాలన్నాడు. ఈలోగా పనసలోవ సంతను పైకి తారురోడ్డు దగ్గరికి మార్చేశారని, పాతచోట పార్కు కడుతున్నారని మిగతా చేపలమ్మే ఆడవాళ్ళు కబురు తెచ్చారు. నేస్తం కనిపించిందా అని అత్త అడిగేది. ఏ నేస్తం, పేరేమిటి అని వాళ్ళు. పసుపమ్మేది, నవ్వితే నోటికి చెయ్యడ్డం పెట్టుకునేది అని ఈమె. ఆ కొండల్లో పసుపమ్మని ఆడది ఎవరు? కొత్త సంతలో అలాంటి మనిషి కనబడలేదని ఒకరోజు తేల్చి చెప్పారు. అత్త ఆ పూట అన్నం సగంలో వదిలేసింది. ఆమె పోయిందేమోనని నాకు అనిపించింది. అత్తకూ అనిపించే ఉంటుంది.

ఇదిగో, ఇలా ఉండగా మా కాలనీ ప్రెసిడెంటు భీమశంకరరావు గారు, ఈసారి కార్తీక వనభోజనాలు పనసలోవ పార్కులో అని ప్రకటించారు. ఎప్పుడూ పిక్నిక్ మొహం చూడని మా అత్త అందరికంటే ముందు తయారై బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకుంది. ఒళ్ళో ఒక సంచీ. అందులో ఏముందని అడిగితే బట్టలంది.

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కేసరికి ఎండ సంచీ మీద పడింది. బట్టలు తమ సంగతి తాము చెప్పడం మొదలుపెట్టాయి. వెనక సీట్లో వాళ్ళు ఏదో ఎలుక చచ్చిందన్నారు. డ్రైవరు బస్సు ఆపి సీట్ల కింద వెతికాడు. కార్తీకమాసమంతా ఉల్లిపాయ కూడా ముట్టని భీమశంకరరావు గారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని ఒక్కొక్క సీటూ వాసన చూసుకుంటూ వచ్చి మా దగ్గర ఆగారు. నా తల కొట్టేసినట్టయింది, ఆయన మీద కోపమూ వచ్చింది. అత్త మాత్రం ఏమాత్రం జంకలేదు. “నేస్తం కాడికి సేతులూపుకుంటా ఎల్తామా బాబూ? మెత్తళ్ళు. ఆరబెట్టిన సేపలే, కుళ్ళినవి కాదు” అంది. ఆయన వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చున్నారు.

పార్కు గేటు దగ్గర సంచీలు చూస్తారు. చూశారు. లోపలికి పనికిరాదన్నారు. సంచీ సెక్యూరిటీ గది వెనక ఒక మేకుకు వేలాడదీశారు. అత్త వెనక్కి తిరిగి చూసుకుంటూ లోపలికి వచ్చింది.

పార్కు బాగుంది. లేదంటే అబద్ధమవుతుంది. ఏటి మీద ఊగే వంతెన వేశారు. అటు పక్క సిల్వర్‌ఓక్ చెట్ల కింద కాఫీ తోట, చెట్లకు అల్లుకున్న మిరియం తీగ. కొంచెం పైన జలపాతం, రాతిమీద పడి పొగలా లేస్తోంది. వలిసెపూలు ఇంకా వాడలేదు, కొండవాలంతా పసుపే. కాలనీవాళ్ళు ఫొటోల మీద పడ్డారు. మా అత్తకు ఇవేవీ కనబడలేదు. ఆమె పాత సంతలో తిరుగుతోంది. పిల్లల ఉయ్యాల దగ్గర నిలబడి ఇది గాజులమ్మేవాడి చోటంది. ఐస్‌క్రీం బండి దగ్గర, ఇక్కడ ఉప్పు రాశులు పోసేవారంది. వెదురు బెంచీ మీద ప్రేమ జంట ఒకటి కూర్చుంటే ఎదురుగా వెళ్ళి నిలబడింది. అక్కడే ఆనాడు వానకు పట్టా కింద దూరారట. వాళ్ళు లేచి వెళ్ళిపోయేదాకా ఈమె కదలలేదు.

కాసేపటికి డప్పులు మోగాయి. పచ్చచీరల ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని థింసా మొదలుపెట్టారు. అత్త నా చెయ్యి విదిలించుకుని వెళ్ళి, వరసలో ఉన్న ఒక్కొక్కరి మొహంలోకీ తొంగి చూడసాగింది. ఆడాలని ముచ్చటపడుతోందనుకుని చివర ఉన్నావిడ నడుం పట్టి వరసలోకి లాక్కుంది. ఇంకేం, మోకాళ్ళ నొప్పుల పోతమ్మ గారు పనసలోవలో థింసా ఆడారు. చుట్టూ సెల్‌ఫోన్లు లేచాయి. నేను కూడా నవ్వాను. ఆట అయ్యాక దగ్గరికి వచ్చి, “ఒక్కమొగమూ నా నేస్తంది కాదే” అనేసరికి నా నవ్వు పోయింది.

ఎండ తగలకుండా కాసేపు కూర్చోబెడదామని పక్కనున్న మట్టి ఇంట్లోకి తీసుకెళ్ళాను. అది లోవ జనం వాడే సామాన్లు చూపించే మ్యూజియం. తిరగలి, విల్లంబులు, ఆనపకాయ బుర్ర, వెదురు చేటలు. ఒక మూల అద్దాలపెట్టె. దాని ముందు అత్త ఆగిపోయింది.

లోపల ఎర్రగుడ్డ మీద చుక్కల గవ్వ. అంచున పెచ్చు లేచి ఉంది. కింద చీటీ మీద ‘గిరిజనుల పూజా సామగ్రి’ అని రాసి ఉంది.

అత్త అద్దం మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగి, “మనిసి ఉంటే ఇది ఇక్కడెందుకుంటాది? ఉండీ ఇచ్చీసినాదంటే, నాను ఒద్దనే కదా” అంది. రెండింటిలో ఏది నిజమైనా ఆ ముసలి ప్రాణం తట్టుకునేలా లేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మ్యూజియం చూసుకునే అమ్మాయి పేరు ఆశాజ్యోతి. ఈ గవ్వ ఎవరిచ్చారమ్మా అని అడిగాను. తను కొత్తగా చేరానని, పార్కు తెరిచినప్పుడు చాలామంది చాలా సామాన్లు ఇచ్చారని, మనిషి పేరు చెబితే గూడెంలో కనుక్కుంటానని ఎంతో మర్యాదగా చెప్పింది. నేను అత్త వైపు చూశాను. అత్త పెదవులు బిగించింది.

బతిమాలాను. ఇంతదూరం వచ్చాం కదా అన్నాను. చెవిలో చెప్పమన్నాను. నేలమీద వేలితో రాయమందును గాని అత్తకు రాత రాదు. “నోటితో అన్నానంటే కట్టు తెగిపోద్ది. తెగిపోనాక ఆలెవులు, నానెవులు? ఎతికి ఏటి పెయోజనం?” అంది. నాకు ఒళ్ళు మండింది. మనిషి కోసం వచ్చి, మనిషి పేరు చెప్పని మనిషితో ఏం వేగను? గట్టిగానే అనబోయాను. కాని ఆమె మెడలో, పుస్తెలు తీసేసిన మెడలో, ఆ పాత పూసలదండ ఒక్కటే కనబడింది.

అప్పుడు తట్టింది నాకు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఎవరికీ ఎందుకు తట్టలేదో! ఆశాజ్యోతిని అడిగాను, “అమ్మా, ఈ లోవలో సముద్రం దగ్గర నేస్తం ఉన్నావిడ ఎవరైనా ఉన్నారా?”

ఆ పిల్ల మొహం విప్పారింది. “అలా చెప్పరేం! మెత్తళ్ళ మామ్మ. రోజూ ఆవిడ సముద్రపు నేస్తం కబుర్లే మాకు, గవ్వ సంగతొక్కటే ఎప్పుడూ చెప్పలేదు” అని, అలవాటుగా ఆవిడ అసలు పేరు కూడా అనేసింది. అత్త చటుక్కున చెవులు మూసుకుంది. ఆ పేరు నాకు తెలిసింది గాని, ఇక్కడ రాయను.

బతికే ఉంది. జారిపడి తుంటి విరిగి నడక పోయిందట, కళ్ళు కూడా మసకట. గూడెం పార్కు వెనకే, జలపాతం పక్కనుంచి రాతిమెట్లు. ఆ మెట్లు మా అత్త ఎలా ఎక్కిందో ఆమె మోకాళ్ళకే తెలియాలి. నేనొక రెక్క, ఆశాజ్యోతి ఒక రెక్క పట్టుకున్నాం. సగం దూరం నుంచీ అత్త గొణుగుడు. బతికి ఉండీ గవ్వ ఇచ్చేస్తుందా, కనబడనీ, మొహం చూసి ఒక మాటడిగి తిరిగి వచ్చేస్తాను, పచ్చి మంచినీళ్ళు ముట్టను. సంతోషంతో కళ్ళనీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం తిడుతోంది.

ఒక పెద్ద బండ కింద, ఫెర్న్ ఆకుల మధ్యనుంచి నీరు చెమరుస్తోంది. చెమర్చి, బొట్లుగా రాలి, చెంబుడు గుంటలో నిండి, అక్కడినుంచి జారుతోంది. గోస్తనిలో కలిసే ఆ పాయ పుట్టేది అక్కడే. దాని పక్కనే ఒక వసారా. వసారాలో గోడకు ఆనుకుని ఒక ముసలావిడ పసుపుకొమ్ములు ఒలుస్తోంది.

అత్త ఒక్కమాట మాట్లాడలేదు. అలిగింది కదా. మెట్టు కింద అలాగే నిలబడింది. ముసలావిడ చేతులు ఆగిపోయాయి. ముక్కు ఎగబీల్చింది. సంచీ గేటు దగ్గరే ఉంది, నిజమే. కాని జీవితమంతా ఎండుచేపల తట్ట మోసిన మనిషి వాసన ఏ గేటు ఆపుతుంది?

“నేస్తం,” అంది ఆమె. “గవ్వ సూసి వచ్చినావా?”

అత్తకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆమే చెప్పింది, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుతూ. “నడక పోనాది. సంత ఎలిపోనాది. నీకు కబురెట్టాలంటే నీ పేరు సెప్పాల కదా, నాను సెప్పలేను కదా. పారుకుకి ఊరూరూ జనం వత్తారంటే, అద్దాలపెట్టిలో ఎట్టమని ఇచ్చినాను. ఎప్పుడో ఒకప్పుడు నువ్వొత్తావు. సూత్తే నీకు తెలుత్తాది, నానున్నానని.”

అత్త కూలబడింది. నేస్తం మోకాళ్ళ మీద తల పెట్టుకుని చిన్నపిల్లలా భోరుమని ఏడ్చింది. ఆమె ఊరుకోమనలేదు. పసుపు అంటిన చేత్తో అత్త తల నిమురుతూ, ఇక్కడ సంత గోల లేదు నేస్తం, గూడెమంతా ఇనపడిపోద్ది అంది. నేను బండ వైపు తిరిగి నీళ్ళు చూస్తున్నట్టు నిలబడ్డాను. ఏడుపు నాకూ వచ్చింది, దాచుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

కుదుటపడ్డాక అత్త ఆ చెంబుడు గుంట దగ్గరికి వచ్చింది. దోసిలి పట్టింది, తాగింది. “ఇంతేనా?” అంది. ఇంతేనని చెప్పి, సముద్రం దగ్గరికి చేరేసరికి ఎంతుంటుందని నేస్తం అడిగింది. అత్త ఆలోచించి, అవతలి ఒడ్డు కళ్ళకు ఆనదంది. వాసు డ్యూటీ లేని రోజు చూసి, కారు మాట్లాడి నేస్తాన్ని ఏరు కలిసినచోటుకి తీసుకెళ్ళాలని నేను అక్కడే నిర్ణయించాను. కళ్ళు మసకైతేనేం, కాళ్ళకు అల తగిలితే చాలు.

ఇంతలో మెట్ల మీద ఆయాసం వినబడింది. భీమశంకరరావు గారు. బస్సు కదిలే వేళయిందని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. కండువా ముక్కుకు కట్టుకుని, చాచిన చేతికి మెత్తళ్ళ సంచీ వేలాడేసుకుని ఉన్నారు. సంగతి గేటు దగ్గర విన్నారట. అయినవాళ్ళ దగ్గరికి చేతులూపుకుంటూ వెళ్ళకూడదని పొద్దున అత్తే చెప్పింది కదా అన్నారు. ఆ పెద్దాయన మీద పొద్దుటినుంచీ పెంచుకున్న కోపమంతా నాకు ఒక్కసారిగా దిగిపోయింది.

బయల్దేరే ముందు ఆశాజ్యోతి, మామ్మ కావాలంటే గవ్వను పెట్టెలోంచి తీసి తెచ్చి ఇచ్చేస్తానంది. నేస్తం సరేనన్నట్టు తలూపింది, గవ్వ పని అయిపోయింది కదా. అత్త వద్దంది.

“ఉండనీ నేస్తం. నాను రానేని రోజు నా కోడలు వత్తాది,” అని నా చెయ్యి తీసి ఆమె చేతిలో పెట్టింది. “దీనికి దారి తెలియాల కదా.”

ఆమె నా వేళ్ళు తడిమి చూసి, ఒలుస్తున్న పసుపుకొమ్ముల్లోంచి ఒకటి ఏరి నా గుప్పిట్లో పెట్టి మూసింది. బస్సు కొండ దిగేదాకా నేను ఆ గుప్పిలి విప్పలేదు.